కివి: చెవి, రాయి, పక్షి

పరస్పర బంధుత్వం లేని భాషలలో ఒకే రూపంతో వినిపిస్తూ, అర్థంలో మాత్రం పొంతన లేని మాటలను ఒక పట్టికగా కూర్చాలన్న సంకల్పం నాకు ఫిన్నిష్ నేర్చుకుంటున్న రోజులలో కలిగింది. ఆ భాషలో ‘కల’ అంటే చేప, ‘కుక్క’ అంటే పువ్వు, ‘పాలు’ అంటే పాతిన గుంజ, ‘పుల్ల’ అంటే తీపి రొట్టె. తెలుగులాగే ఫిన్నిష్ కూడా హ్రస్వదీర్ఘాలను, ద్విత్వాలను అర్థభేదం కోసం వాడుకుంటుంది. ‘కుక’ అంటే ఎవరు, ‘కుక్క’ అంటే పువ్వు. పైగా రెండింటిలోనూ అచ్చులతో ముగిసే పదాలు విస్తారంగా ఉన్నందువల్ల ఈ పోలికలు లిపిలోనే కాక చెవికి కూడా నిలుస్తాయి. అందుకే వర్ణక్రమాన్ని పక్కనపెట్టి, ఉచ్చారణ కలిసిన మాటలనే స్వీకరించాలని మొదట నిర్ణయించుకున్నాను.

పట్టిక త్వరగానే పెరిగింది. జపనీస్‌లో ‘యమ’ కొండ, ‘కని’ పీత. ‘మన’ అనే రూపం న్యూజిలాండ్ ఆదివాసుల భాషయైన మావోరీలో గౌరవాధికారాలను, మలయ్‌లో ‘ఎక్కడ’ అనే ప్రశ్నను తెలుపుతుంది. ఇన్ని పోలికలు ఎందుకు దొరుకుతున్నాయో తెలుసుకోవడానికి ఒక చిన్న లెక్క వేశాను. మావోరీలో హల్లులు 10, అచ్చులు 5. హల్లు లేని అచ్చులను కూడా కలుపుకుంటే హ్రస్వాక్షరాలు 55కు మించవు. వాటితో ఏర్పడగల రెండక్షరాల రూపాలు 3,025 మాత్రమే. అంత కొద్ది రూపాలతో ఒక జాతి తన రోజువారీ జీవితాన్నంతా చెప్పుకోవలసి వచ్చినప్పుడు, మరో భాషలోని చిన్న పదాలతో అవి తారసపడకుండా ఉండడమే వింత.

అసలు శ్రమ ఏరివేతలో ఎదురైంది. ఇండోనేషియన్‌లో ‘కల’ అంటే సమయమని చదివి సంతోషించాను గాని, అది సంస్కృత ‘కాల’ శబ్దం నుంచి వెళ్లినది కనుక దాన్ని తొలగించాను. జపనీస్‌లో రొట్టెకు వాడే ‘పాన్’ పోర్చుగీసు నుంచి వచ్చిన మాటే. కానీ కృతజ్ఞత తెలిపే ‘అరిగతో’ పోర్చుగీసు ‘ఒబ్రిగాదో’ నుంచి పుట్టిందన్న ప్రచారం నిలవదు. పోర్చుగీసువారు జపాన్ చేరిన 1543కు ఎంతో ముందే ఆ మాటకు మూలమైన రూపం అక్కడి గ్రంథాలలో ఉంది. ‘మామ’ను విడిగా ఉంచవలసి వచ్చింది. జార్జియన్‌లో ఆ మాటకు తండ్రి అని అర్థం. పసిపిల్లలు తొలుత పలకగలిగే ఓష్ఠ్యధ్వనులనే (పెదవులతో పలికే ప, మ వంటివి) పెద్దలు బంధువాచకాలుగా స్వీకరిస్తారని భాషాశాస్త్రవేత్త రోమన్ యాకబ్సన్ వివరించాడు. ఆ కారణం తెలిశాక దాన్ని కేవలం కాకతాళీయమని రాయలేకపోయాను. ‘పాప’ మాత్రం మిగిలింది, ఎందుకంటే అది తూర్పు ఆఫ్రికా భాషయైన స్వాహిలీలో సొరచేప, దక్షిణ అమెరికా భాషయైన కెచువాలో బంగాళాదుంప.

అన్నిటికన్నా నన్ను ఎక్కువగా ఆకర్షించిన మాట ‘అక్క’. ఫిన్నిష్‌లో దాని అర్థం ముసలమ్మ. రూపంతోపాటు అర్థం కూడా ఇంత దగ్గరగా వచ్చినప్పుడు చుట్టరికం కలపాలని ఎవరికైనా అనిపిస్తుంది. 1856లో ద్రావిడ భాషల వ్యాకరణవేత్త కాల్డ్‌వెల్ కూడా ద్రావిడ భాషలకు, ఫిన్నిష్ వర్గానికి చోటున్న ‘సిథియన్’ సమూహానికి సంబంధం ఊహించాడు. అది నేటికీ రుజువు కాలేదు. ఒక పోలిక ఎంత ముచ్చటగా ఉన్నా దాని వెంట క్రమబద్ధమైన మరికొన్ని పోలికలు రావాలన్నది నేను పాటించిన నియమం.

ఆ నియమం విలువ నాకు ‘కివి’ దగ్గర పూర్తిగా అర్థమైంది. కన్నడంలో కివి అంటే చెవి, ఫిన్నిష్‌లో రాయి, మావోరీలో ఎగరలేని పక్షి. కన్నడ ‘కివి’కి నిజమైన తోబుట్టువు మన ‘చెవి’. ఇ, ఎ వంటి తాలవ్యాచ్చుల ముందు తెలుగులో ఆదికకారం చకారమైంది. కన్నడ ‘కెరె’ మనకు ‘చెరువు’ కావడం కూడా అందుకే. అచ్చు అకారమైతే ‘కన్ను’, ‘కాలు’ రెండు భాషలలోనూ కకారాన్నే నిలుపుకున్నాయి. ఇక ఫిన్నిష్ ‘కివి’కి తోబుట్టువు, ఆ భాషా కుటుంబానికే చెందిన హంగేరియన్‌లో దాదాపు ‘కో’ అని వినిపించే మాట. అక్కడ తాలవ్యాచ్చుల ముందు కకారం నిలిచి, తక్కిన అచ్చుల ముందు హకారమైంది: ఫిన్నిష్ ‘కల’ హంగేరియన్‌లో ‘హల్’, ‘కొల్మె’ (మూడు) అక్కడ ‘హారోమ్’. మన మార్పుకు ఇది సరిగ్గా తలకిందులు. కివి–చెవి, కల–హల్ చూడడానికి వేరుగా ఉన్నా బంధువులు. తెలుగు కల, ఫిన్నిష్ కల ఒకేలా ఉన్నా పరాయివి. ఇది గమనించాక నేను ప్రతి మాట పక్కన దాని సొంత కుటుంబంలోని తోబుట్టువును కూడా చేర్చుతూ పట్టికనంతా తిరగరాశాను.

మావోరీ ‘కివి’ ఆ పక్షి కూత నుంచి పుట్టిందని సాధారణంగా చెబుతారు. కివి పండుకు పట్టికలో వేరే వరుస ఇవ్వలేదు. చైనా నుంచి వచ్చిన ఆ పండుకు న్యూజిలాండ్ వర్తకులు ఎగుమతి కోసం 1959లో ఆ పక్షి పేరే పెట్టారు కనుక, దాన్ని పక్షి పక్కనే రాశాను.