విజిల్ నా చేతికొచ్చిన రోజు

మెల్‌బోర్న్‌లో ఇవాళ మొదటిసారి పిల్లల నెట్‌బాల్ (బాస్కెట్‌బాల్‌ లాంటి ఆట) మ్యాచ్‌కి అంపైరింగ్ చేశాను. ఇంకా గుండె దడగానే ఉంది.

మూడేళ్ల క్రితం పాపని నెట్‌సెట్‌గోలో, అంటే చిన్నపిల్లలకి నెట్‌బాల్ నేర్పే కార్యక్రమంలో చేర్చినప్పుడు నాకు ఈ ఆట పేరు కూడా తెలియదు. కోర్టు బయట కూర్చుని చూస్తూ చూస్తూ నేర్చుకున్నాను. బంతి అందుకుంటే 3 సెకన్లలోపు వదిలేయాలి. అడ్డుకునే అమ్మాయి బంతి పట్టుకున్న అమ్మాయికి కనీసం 0.9 మీటర్ల దూరంలో ఉండాలి. చదివితే చాలా సులువు. విజిల్ నోట్లో పెట్టుకుని పరుగెడుతూ ఆ దూరాన్ని కంటితో కొలవాలంటే మాత్రం ఎంత టెన్షనో!

రెండో క్వార్టర్‌లో ఒక అబ్‌స్ట్రక్షన్ (మరీ దగ్గరగా వచ్చి అడ్డుకున్న ఫౌల్) తప్పుగా ఇచ్చాను. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. విరామంలో ఒక సీనియర్ అంపైర్ నా పక్కకొచ్చి, "చేతులు కాదు, కాళ్లు చూడండి. దూరం పాదాల దగ్గర నుంచే లెక్క" అన్నారు. నిబంధనల పుస్తకం రెండుసార్లు చదివినా నాకు పట్టుబడనిది ఆ ఒక్క మాటతో అర్థమైంది. కొత్తవాళ్ల పక్కన ఇలాంటి మనిషి ఒకరు ఉండాలి, ప్రతి కోర్టులోనూ.

ఇక్కడ అంపైర్లకి సి, బి, ఎ, ఆపైన డబుల్ ఎ బ్యాడ్జీలుంటాయి. నాకు సి కావాలి. వచ్చే శనివారానికీ పేరిచ్చేశాను.