లిమిటెడా, ప్లాటినమా: ఆల్ వీల్ డ్రైవ్ సియెన్నా ఎంపికలో మేము చూసుకున్నవి

డెట్రాయిట్ చుట్టుపక్కల ఊళ్లలో ఉండే తెలుగు కుటుంబం ఏడుగురు కూర్చోగల మినీవ్యాన్ కొనాలనుకుని, మంచుకాలాన్ని దృష్టిలో పెట్టుకుని దానికి ఆల్ వీల్ డ్రైవ్ (నాలుగు చక్రాలకూ బలం అందించే ఏర్పాటు) కూడా ఉండి తీరాలని పట్టుబడితే, చూడవలసిన బండ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతకు తగ్గిపోతాయి. హోండా ఒడిస్సీకీ, అమెరికాలో అమ్మే కియా కార్నివాల్‌కూ ఆ సదుపాయమే లేదు. పూర్తిగా విద్యుత్తుతో నడిచేవాటిని పక్కన పెడితే మిగిలేవి టయోటా సియెన్నా, క్రైస్లర్ పసిఫికా. మోటార్ సిటీ అని పేరున్న డెట్రాయిట్‌లో ఉంటూ జపాన్ బండి కొంటారా అని నొసలు చిట్లించేవారు నేను పనిచేసే చోట ఇప్పటికీ ఉన్నారు గాని, ఆ సియెన్నా తయారయ్యేది పక్కనే ఇండియానా రాష్ట్రంలోని ప్రిన్స్‌టన్‌లో. వారు మన బండి అని చెప్పే పసిఫికా తయారయ్యేది నదికి అవతల, కెనడాలోని విండ్సర్‌లో.

సియెన్నా అని నిర్ణయించుకోవడానికి మాకు ఎక్కువ సమయం పట్టలేదు. 2021 మోడల్ నుంచి ఆ బండి హైబ్రిడ్‌గా మాత్రమే వస్తోంది. 2.5 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజనూ విద్యుత్ మోటార్లూ కలిసి 245 హార్స్‌పవర్ ఇస్తాయి. ఆల్ వీల్ డ్రైవ్ బండికి ప్రభుత్వం ఇచ్చిన మైలేజీ అంకె గ్యాలన్‌కు 35 మైళ్లు, ముందు చక్రాలతో మాత్రమే నడిచేదానికి 36. అంటే ఆ సదుపాయానికి పెట్రోలు రూపంలో చెల్లించేది దాదాపు ఏమీ లేదు. వెనక ఇరుసు దగ్గర విడిగా ఒక మోటారు ఉంటుంది, ఇంజన్ నుంచి అక్కడికి పొడవాటి షాఫ్టు ఉండదు. మామూలు రోడ్డు మీద సాఫీగా వెళ్లేటప్పుడు ఆ మోటారు ఊరుకుంటుంది, ముందు చక్రాలు జారుతున్నాయని తెలిసినప్పుడు వెనక చక్రాలను తిప్పుతుంది. ఈ ఏర్పాటు అన్ని ట్రిమ్‌లలోనూ, అంటే సదుపాయాలను బట్టి ధర పెరుగుతూ పోయే ఎల్‌ఈ, ఎక్స్‌ఎల్‌ఈ, లిమిటెడ్, ప్లాటినమ్ వంటి స్థాయులన్నిటిలోనూ, ఒక్కటే. ప్లాటినమ్ కొన్నవారి బండి మంచులో ఎక్స్‌ఎల్‌ఈ కంటే బాగా కదులుతుందన్న అపోహ మా మిత్రబృందంలో ఒకరిద్దరికి ఉంది కనుక ఈ మాట ముందుగా చెబుతున్నాను.

కాబట్టి పై మెట్టుకు వెళ్లేకొద్దీ మనం కొనేది పట్టు కాదు, సుఖం. ఆ సుఖం బండిలో ఏ సీటుకు అందుతుందన్నదే నా దృష్టిలో అసలు ప్రశ్న. మా ఇంట్లో ఆ సీట్ల లెక్క స్పష్టంగానే ఉంది. ఎక్కువగా నడిపేది నేను. తెల్లవారకముందే డ్యూటీకి బయలుదేరాలి. వారాంతాల్లో, దూర ప్రయాణాల్లో మా వారు నడుపుతారు. పిల్లలిద్దరూ మూడో వరుసలోకి దూరిపోతారు. రెండో వరుసలోని రెండు విడి సీట్లూ సందర్శకుల వీసా మీద వచ్చి ఆరు నెలలుండే పెద్దవారివి: ఒక ఏడాది మా అమ్మానాన్నలవి, మరో ఏడాది మా అత్తగారు, మావగారివి.

ఆ రెండో వరుస కోసమే మొదట పై ట్రిమ్‌ల వైపు చూశాము. సియెన్నా ప్రకటనల్లో అందరినీ ఆకర్షించేది అక్కడి సీటే. లిమిటెడ్, ప్లాటినమ్‌లలో ఆ సీటు చాలా దూరం వెనక్కు జరుగుతుంది, పిక్కల కింద నుంచి ఆటోమన్ అనే కాళ్ల పీట లేచి కాళ్లు చాపుకోనిస్తుంది. మోకాళ్ల నొప్పులతో పద్దెనిమిది, ఇరవై గంటలు విమానాల్లో కూర్చుని దిగిన మనిషికి అంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. అయితే ఆ ఆటోమన్ ముందు చక్రాల డ్రైవ్ ఉన్న లిమిటెడ్, ప్లాటినమ్‌లకే పరిమితం. ఆల్ వీల్ డ్రైవ్ కోరుకున్న మరుక్షణం అది పోతుంది, మీరు ఎంత ఖరీదైన ట్రిమ్ తీసుకున్నా తిరిగి రాదు. ఈ సంగతి షోరూమ్‌లో ఎవరూ తమంతట తాముగా చెప్పరు. ఫ్లోరిడాలోనో, టెక్సస్‌లోనో ఉండే బంధువుల బండి ఎక్కి, అందులోని సీటు చూసి మనసు పారేసుకుని, తిరిగి వచ్చి మిషిగన్‌లో అదే ట్రిమ్‌ను ఆల్ వీల్ డ్రైవ్‌తో బుక్ చేసేవారు మొదట తెలుసుకోవలసింది ఇదే.

పోయినదాని విలువ ఎంత అన్నదీ ఆలోచించాము. ఆటోమన్ పూర్తిగా విప్పుకోవాలంటే సీటును బాగా వెనక్కు నెట్టాలి. నెడితే మూడో వరుసలో కాళ్లకు చోటుండదు. మా ఇంట్లో పెద్దలు వచ్చినప్పుడే మూడు వరుసల్లోనూ మనుషులుంటారు, పెద్దలు లేనప్పుడు రెండో వరుస ఖాళీగా ఉంటుంది. అంటే ఆ సదుపాయం ఎవరికి అవసరమో వారు బండిలో ఉన్నప్పుడే దాన్ని వాడుకోవడం కుదరదు. నాన్నగారిని షోరూమ్‌కు తీసుకువెళ్లి కూర్చోబెట్టినప్పుడు ఆయన మెచ్చుకున్నవి వేరు: తలుపు పక్కకు జరిగి ఎదురుగా పెద్ద ద్వారం ఏర్పడడం, అడుగు ఎక్కువ ఎత్తు లేకపోవడం, పట్టుకోవడానికి పిడి ఉండడం. అవన్నీ అన్నిటికంటే కింది ట్రిమ్ అయిన ఎల్‌ఈలో కూడా ఉన్నవే. ఎత్తు ఎక్కువుండే మూడు వరుసల ఎస్‌యూవీలను మేము పరిశీలన నుంచే తీసివేయడానికి కారణం కూడా ఆ అడుగే.

ఆటోమన్‌ను లెక్కలోంచి తీసేస్తే ఎక్స్‌ఎల్‌ఈకీ లిమిటెడ్‌కీ మధ్య తేడా ఒక్కసారిగా చిక్కిపోతుంది. ఎక్స్‌ఎల్‌ఈలో సాఫ్టెక్స్ అనే కృత్రిమ తోలు, లిమిటెడ్‌లో అసలు తోలు. ఇక్కడ నా అభిప్రాయం షోరూమ్ వారి అభిప్రాయానికి పూర్తిగా వ్యతిరేకం. పులిహోర పసుపు, సాంబారు మరకలు, పిల్లల చేతి నూనె తడిగుడ్డతో తుడిస్తే పోయేది సాఫ్టెక్స్ మీదే. లిమిటెడ్ ముందు సీట్లలో గాలి ఆడడానికి తోలుకు సన్నని రంధ్రాలుంటాయి, జంతికల పొడి అందులో చేరితే తీయడం ఓపికతో కూడిన పని. మా అత్తగారికైతే గుడికి వెళ్లేటప్పుడు మడిబట్టతో తోలు మీద కూర్చోవడం ఇష్టం లేదు. ఆమె సీటు మీద నూలు దుప్పటి ఒకటి శాశ్వతంగా ఉంటుంది. డబ్బు పోసి తోలు కొని దాని మీద దుప్పటి పరచడంలోని వింతను మా వారు వీలైనప్పుడల్లా గుర్తు చేస్తుంటారు.

అయినా లిమిటెడ్ వైపు నేను మొగ్గడానికి కారణం స్టీరింగ్. మేము చూసిన ఎక్స్‌ఎల్‌ఈలో వేడెక్కేవి ముందు సీట్లు మాత్రమే, లిమిటెడ్‌లో స్టీరింగ్ కూడా వేడెక్కుతుంది. ఇది చిన్న విషయంలా కనిపించవచ్చు. జనవరిలో సున్నాకు దిగువన, చీకట్లో, చేతి తొడుగులు తీస్తే వేళ్లు కొంకర్లు పోతాయి, వేసుకుంటే స్టీరింగ్ మీద పట్టు సరిగ్గా దొరకదు. నవంబరు నుంచి మార్చి దాకా దాదాపు ప్రతిరోజూ వాడే సదుపాయం అది ఒక్కటే. ముందు సీట్లలోని చల్లగాలి మిషిగన్‌లో కొద్ది వారాలపాటే పనికొస్తుంది. తలుపు కింద కాలు ఆడిస్తే తెరుచుకునే ఏర్పాటు, చేతినిండా కూరగాయల సంచులున్నప్పుడు బాగుంటుంది. గడ్డకట్టే వాన పడిన మర్నాడు మాత్రం తలుపు చుట్టూ ఉన్న రబ్బరు అతుక్కుపోతే ఏ సెన్సారూ దాన్ని కదిలించలేదు. ఆ రబ్బరుకు శీతాకాలం మొదలవకముందే సిలికాన్ స్ప్రే కొట్టుకోవాలి. 2025 మోడల్ నుంచి లిమిటెడ్, ప్లాటినమ్‌లకు చిన్న ఫ్రిజ్, వ్యాక్యూమ్ క్లీనర్ వచ్చాయి. పెరుగన్నం డబ్బా ఆ ఫ్రిజ్‌లో పెట్టుకోవచ్చని మా అమ్మ సంతోషించింది. రెండు ట్రిమ్‌లలోనూ ఉన్నవే కనుక ఆ రెండింటి మధ్య ఎంచుకోవడంలో వాటికి పాత్ర లేదు.

ఇక ప్లాటినమ్. మా వారు కోరుకున్నది అదే, ఆయన వాదన తీసిపారేయదగ్గది కాదు. ముందు అద్దం మీదే వేగం కనిపించే హెడ్-అప్ డిస్‌ప్లే, వాన పడితే తమంతట తామే కదిలే వైపర్లు, పైనుంచి చూస్తున్నట్టు బండి చుట్టూ చూపించే కెమెరాలు, పిల్లలకు 11.6 అంగుళాల తెర: ఇవి అందులో ప్రధానమైనవి. బండి పొడవు సుమారు 204 అంగుళాలు, అంటే పదిహేడు అడుగులు. గుడి దగ్గర పండుగ రోజున, ఇరుకైన పార్కింగులో దాన్ని తిప్పేవారికి ఆ పైచూపు నిజంగా ఉపయోగపడుతుంది. నేను అడిగిన ప్రశ్న ఒక్కటే: అది అవసరమయ్యే రోజుల్లో పనిచేస్తుందా? రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రంలో కెమెరా అద్దాల మీద తెల్లని పొర పేరుకుంటుంది, హైవే మీద అరగంట నడిపితే చాలు. దిగి గుడ్డతో తుడిస్తే తప్ప తెర మీద మసక తప్ప మరేమీ కనిపించదు. హెడ్-అప్ డిస్‌ప్లే మరీ విచిత్రం. మంచు మీద పడిన ఎండ కళ్లలో కొట్టకుండా పోలరైజ్డ్ అద్దాలు పెట్టుకుంటే ఆ అంకెలు దాదాపు మాయమైపోతాయి. తెర విషయంలో చర్చ అవసరమే రాలేదు. పిల్లల చేతుల్లో టాబ్లెట్లున్నాయి, ఇద్దరూ ఒకే బొమ్మ చూడడానికి ఒప్పుకున్న సందర్భం నాకు తెలిసి లేదు.

ఎక్స్‌ఎస్‌ఈ, ఉడ్‌ల్యాండ్ అని మరో రెండు ట్రిమ్‌లున్నాయి. ఎక్స్‌ఎస్‌ఈ గురించి నేను ఆలోచించనైనా లేదు. ఇరవై అంగుళాల చక్రాలు మిషిగన్ గుంతలకు నప్పవు, అంతే. ఉడ్‌ల్యాండ్ మాత్రం ఆసక్తికరమైన బండి: ఆల్ వీల్ డ్రైవ్ అందులో తప్పనిసరిగా వస్తుంది, నేల నుంచి ఎత్తు మిగతావాటి కంటే 0.6 అంగుళం ఎక్కువ, ఇంటి ప్లగ్గులు పెట్టుకునేలా 1500 వాట్ల కరెంటు ఉంటుంది. స్టేట్ పార్కులో పిక్నిక్‌కు వెళ్లి బండిలోనే రైస్ కుక్కర్ పెట్టుకోవచ్చన్న ఊహ తెలుగు మనసును కదిలించకుండా ఉండదు. తరచూ క్యాంపింగ్‌కు వెళ్లేవారికి నేను దాన్నే సూచిస్తాను. మేము ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లేవాళ్లం, అది కూడా క్యాబిన్ అద్దెకు తీసుకుని.

డబ్బు సంగతి. ఆల్ వీల్ డ్రైవ్ ప్లాటినమ్ ధర యాభై వేల డాలర్లు దాటిపోయింది. ట్రిమ్‌ల మధ్య తేడాను బండి కిటికీకి అంటించిన ధరల స్టిక్కర్ మీది అంకెగానే చూస్తాం గాని, మిషిగన్‌లో అది అక్కడితో ఆగదు. ఆరు శాతం అమ్మకం పన్ను సరే, ఏటా కట్టే రిజిస్ట్రేషన్ రుసుము కూడా బండికి కంపెనీ ప్రకటించిన మూల ధరను బట్టే ఉంటుంది. డీలర్‌తో ఎంత బేరమాడినా ఆ రుసుము తగ్గదు. మొదటి కొన్నేళ్లలో కాస్త కాస్త తగ్గి ఆపైన నిలిచిపోతుంది. దీనికి తోడు మిషిగన్ బీమా దేశంలోనే ఖరీదైనవాటిలో ఒకటి, కెమెరాలు నిండిన బంపరు మార్చాలంటే అయ్యే ఖర్చు మామూలు బంపరుతో పోల్చలేనిది. అప్పు మీద కొంటే ఈ తేడా మొత్తానికీ వడ్డీ కూడా కట్టాలి.

ఆ తేడాలో కొంత భాగాన్ని వింటర్ టైర్లకు మళ్లించడమే నా ప్రతిపాదన. ఆల్ వీల్ డ్రైవ్ కదలడానికి సాయపడుతుంది, ఆగడానికి సాయపడదు. బ్రేకు వేసినప్పుడు నాలుగు చక్రాలూ ఏ బండికైనా ఒకటే. ఏడు డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే ఆల్ సీజన్ టైర్ల రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది, వింటర్ టైర్ల రబ్బరు మెత్తగానే ఉండేలా చేస్తారు. ఇక్కడ కూడా ట్రిమ్ ప్రభావం ఉంది. ఎక్స్‌ఎల్‌ఈకి 17 అంగుళాల చక్రాలు, లిమిటెడ్‌కీ ప్లాటినమ్‌కీ 18 అంగుళాలవి. అంగుళం పెరిగేకొద్దీ టైరు ధర పెరుగుతుంది. నాలుగు చక్రాలను విడి రిమ్ములతో సహా ముందే కొని పెట్టుకుంటే ఏటా మార్పించే కూలి కూడా తగ్గుతుంది. ఆర్డరు చేసేటప్పుడే స్టెప్నీ సంగతి కూడా విండో స్టిక్కర్‌లో చదువుకోవాలి. చాలా బండ్లలో దాని స్థానంలో గాలి నింపే కిట్ మాత్రమే ఉంటుంది, టైరు పక్కగోడ చీలితే ఆ కిట్ పనికిరాదు.

కోరిన బండి కోరినప్పుడు దొరకకపోవడం సియెన్నా కొనేవారందరికీ తెలిసిన బాధే. ఫ్యాక్టరీ నుంచి తమ వంతుకు ఏవి వస్తే డీలర్లు వాటినే చూపిస్తారు. చాలాచోట్ల ఎదురుచూపుల జాబితా ఉంటుంది, కొన్నిచోట్ల స్టిక్కర్ ధర పైన అదనంగా అడుగుతారు. మాకు ముందుగా ఫోన్ వచ్చింది ప్లాటినమ్ కోసమే. రేపటికల్లా చెప్పకపోతే వేరేవారికి వెళ్లిపోతుందన్నారు. అటువంటి ఒత్తిడిలో నిర్ణయం మారకుండా ఉండాలనే మేము ఏ ట్రిమ్, ఏ రెండు రంగులు, గరిష్ఠంగా ఎంత అన్నది ముందే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించి ఉంచాము. ప్లాటినమ్ వద్దని చెప్పి, మరో జిల్లాలోని డీలర్ దగ్గర లిమిటెడ్ వచ్చేదాకా ఆగాము. తెలుపు రంగు మొదటి కోరిక, బూడిద రంగు దొరికింది.

మిగిలిన డబ్బుతో టైర్లు, రిమ్ములు, ఉప్పు బురదను ఆపే రబ్బరు మ్యాట్లు కొన్నాము. నవంబరులో వింటర్ టైర్లు ఎక్కిస్తున్నాము, ఏప్రిల్‌లో దించుతున్నాము. మా వారు ఇప్పటికీ హెడ్-అప్ డిస్‌ప్లే ఉంటే బాగుండేదంటారు. తెల్లవారకముందు డ్యూటీకి ఆయన వెళ్లే పక్షంలో తర్వాతి బండి ట్రిమ్ ఆయనే ఎంచుకోవచ్చని చెప్పాను.