పెయింటు కాదు, ముందు వాలు చూడండి

మొత్తానికి మబ్బు పడితే ఇంటి గోడల గురించి పట్టుకునే టెన్షన్ తగ్గింది. మాది గుంటూరు వైపు, నల్లరేగడి నేల, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది, పునాది పక్కన నీళ్లు నిలిస్తే గోడలు బీటలివ్వక ఏం చేస్తాయి. వంటింటి గోడకి అడుగు ఎత్తు దాకా చెమ్మెక్కి సున్నం పెచ్చులు పెచ్చులుగా రాలుతుంటే పెయింటు వేయించమన్నవాళ్లే అందరూ!

మా మేస్త్రి మాత్రం ప్లాస్టిక్ ట్యూబులో నీళ్లు నింపి ఒక కొస గోడకి, ఇంకో కొస ప్రహరీకి ఆనించి చూశాడు. రెండు కొసల్లోనూ నీళ్లు ఒకే మట్టంలో నిలుస్తాయి కదా, అక్కణ్ణుంచి నేలకి కొలిస్తే ఎత్తుపల్లాలు తెలిసిపోతాయి. ప్రహరీ దగ్గరే నేల ఎత్తుగా ఉంది. ఉండదా మరి, వీధిలో సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేసుకుంటూ పోతే! పైగా డాబా మీది నీళ్లన్నీ గొట్టంలోంచి సరిగ్గా గోడ మొదట్లోనే పడుతున్నాయి. వంద చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడిందంటే వెయ్యి లీటర్లు, అదంతా ఒక్క మూలకి.

గోడ పక్కన మట్టి పోసి దిమ్మిస కొట్టించి, ప్రహరీ వైపుకి 10 అడుగులకి రెండున్నర అంగుళాల వాలుతో నాపరాళ్లు పరిపించాం. డాబా గొట్టానికి పైపు అతికించి ప్రహరీ వెంబడి తవ్విన కాలువలోకి, అక్కణ్ణుంచి వీధి కాలువలోకి వదిలాం. గోడ పక్కనే ఇంకుడు గుంత తవ్వమన్నారు కొందరు. రేగడిలో నీళ్లు తొందరగా ఇంకవు, పునాది పక్కనైతే అసలే వద్దు.

పక్కింటి పిన్నిగారు ఆ నీళ్లు వాళ్లవైపు వస్తాయేమోనని కాలువ చివరిదాకా నడిచి మరీ చూసుకున్నారు. గోడ పూర్తిగా ఆరేదాకా పెయింటు మాత్రం వేయించను, ఇంట్లో ఎవరెంత పోరినా.