ఓహ్రిడ్ నుంచి పోగ్రాదెట్స్‌కి: టాక్సీనా, బస్సా, పడవా?

నెల్లూరు నుంచి చెన్నై బస్సెక్కితే, తడ దాటాక తమిళనాడు వచ్చేసిందని బోర్డులు చూసి తెలుసుకోవాల్సిందే. ఉత్తర మాసిడోనియాలోని ఓహ్రిడ్ నుంచి అల్బేనియాలోని పోగ్రాదెట్స్‌కి మాత్రం అలా కుదరదు. రెండు ఊళ్లూ ఒకే సరస్సు ఒడ్డున ఉన్నా మధ్యలో పాస్‌పోర్టు చూపించాలి, నేరుగా వెళ్లే బస్సు మాకు దొరకలేదు.

అమ్మానాన్నలతో, పెద్ద సూట్‌కేసులతో వెళ్తుంటే టాక్సీయే నయం. కానీ సరిహద్దు అవతల దాకా వస్తాడో లేదో, ఎంత తీసుకుంటాడో ఎక్కకముందే తేల్చుకోండి. అద్దె కారైతే గ్రీన్ కార్డ్ ఇన్సూరెన్స్ (పక్క దేశంలోనూ చెల్లే కారు బీమా పత్రం) అడగండి.

నాకు నచ్చింది మాత్రం బస్సే. సుమారు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న స్వేతి నౌమ్ మఠం దగ్గర దిగి, సరిహద్దు నడిచి దాటి, అటువైపు టాక్సీ పట్టుకోవడం. ఖర్చు తక్కువ, పైగా మఠం పక్కన ఊటలు చూడొచ్చు, గలిచిత్సా కొండ అవతలున్న ప్రెస్పా సరస్సు నీళ్లు భూమి లోపలి సున్నపురాతి దారుల్లోంచి వచ్చి ఇక్కడ పైకి ఉబుకుతాయి, అద్దంలా తేటగా ఉంటాయి, అక్కడ ఒక పూట గడపకుండా ముందుకెళ్లొద్దని గట్టిగా చెప్తాను. వేసవిలో ఓహ్రిడ్ నుంచి మఠం దాకా పడవలూ ఉంటాయి, నెమ్మదే కానీ దారి చాలా అందంగా ఉంటుంది.

ఇటు మాసిడోనియా డబ్బు దెనార్, అటు అల్బేనియా డబ్బు లెక్, కాబట్టి టాక్సీ కోసం కొన్ని చిన్న యూరో నోట్లు దగ్గర పెట్టుకోండి.