పేజీ నెంబరు చెప్పు

మన బడి పూర్వవిద్యార్థుల సంచిక కమిటీ వాళ్లు ఫోన్ చేసి "నువ్వు మాస్టారి గురించి రాయి, మిగతావి మేం చూసుకుంటాం" అన్నారు. ఏ మాస్టారో చెప్పలేదు. మన బ్యాచ్‌కి చెప్పక్కర్లేదు.

1986 ఆగస్టు వరద తీశాక బడి తెరిచిన వారం అది. గోదావరి లంక ఊళ్ల పిల్లలు ఇంకా రాలేదు. లైబ్రరీ బీరువా కింది అరలు నానిపోయాయి. మాస్టారు పుస్తకాలన్నీ వరండాలో పరపించి, అంటుకున్న పేజీల మధ్య కొబ్బరి ఈనె దూర్చి నెమ్మదిగా విడదీయమన్నారు. ఈనె జరిపితే పేజీ అంచు నుంచి ఎండిన ఒండ్రు పొడిపొడిగా రాలేది. నా వంతుకు అడివి బాపిరాజు 'నారాయణరావు' వచ్చింది.

అప్పటికే ఆయన రాసిన 'గోన గన్నారెడ్డి' నవల చదివి బాపిరాజంటే పిచ్చెక్కి ఉన్నాను. పైగా మన భీమవరంలో పుట్టిన మనిషి. ఈ నవలేమో 1934లో విశ్వనాథ 'వేయిపడగలు'తో కలిసి ఆంధ్ర విశ్వకళాపరిషత్తు బహుమతి పంచుకున్నది. కథానాయకుడిది సాక్షాత్తూ మన కొత్తపేట. ఇంకేం కావాలి?

సగానికి వచ్చేసరికి ఉసూరుమనిపించింది. అందం, చదువు, సంగీతం, దేశభక్తి, ఓర్పు, అన్నీ ఒక్కడికే. మనవైపు మనుషులు పొద్దున్న గట్టు తగాదాలో గొంతు చించుకుని, సాయంత్రం ఒకే బల్ల మీద టీ తాగుతారు. ఆ వేడి అతనిలో లేదు. జమీందారు కూతురు శారదే నయం. మొగుణ్ని తక్కువగా చూస్తుంది, మెల్లగా మారుతుంది, మనిషిలా ఉంటుంది.

"నచ్చలేదండి" అన్నాను. బాపిరాజంటే మాస్టారికి ప్రాణం.

"నచ్చలేదంటే కుదరదురా అబ్బాయ్. ఎక్కడ నచ్చలేదో పేజీ నెంబరు చెప్పు."

రాత్రి కూర్చుని రాసుకెళ్లాను. ఆయన ఒక్కో పేజీ తీసి, పైకి చదివి, ఒప్పుకోని చోట పెన్సిల్‌తో గీత పెట్టి వాదించారు. కొన్నిచోట్ల తలూపారు. లెక్కల మాస్టారు గుమ్మం దాకా వచ్చి, కాసేపు విని, తన పీరియడ్ వదిలేసి వెళ్లిపోయారు. పదో తరగతి కుర్రాణ్ని అంత పెద్దమనిషి తన సాటివాడిగా చూడటం నేనదే మొదటిసారి ఎరగడం. చివరికి "నీ మాట నేనొప్పుకోను. కానీ శ్రద్ధగా చదివావురా" అన్నారు.

ఇక ఆ తర్వాత రేవు దగ్గర హోటల్లో సాంబారు బాగోలేదన్నా మన బ్యాచ్ బండోడు "పేజీ నెంబరు?" అనేవాడు.

ఇప్పుడు రాజమండ్రిలో ఉంటూ పత్రికలకు నవలల సమీక్షలు రాస్తున్నాను. ఇష్టమైన రచయిత కొత్త నవల చప్పగా ఉంటే ఇప్పటికీ అన్నం సహించదు. అయినా రాస్తాను, పేజీలతో సహా. అలా రాసినందుకు ఓ పెద్ద రచయిత కోప్పడకుండా ఫోన్ చేసి అరగంట మాట్లాడారు. 'నారాయణరావు' మీద నా అభిప్రాయం మారలేదు. బాపిరాజు చిత్రకారుడు కూడా కదా. గన్నారెడ్డిని గుర్రమెక్కించి పరుగెత్తించిన ఆయన, ఇతన్ని మాత్రం బొమ్మ గీసి గోడకు తగిలించారనిపిస్తుంది. అంత ఇష్టం ఉండబట్టే ఇంత బాధ.

సంచిక ఖర్చులు పోను డబ్బు మిగిలితే బడి లైబ్రరీకి బాపిరాజు నవలలన్నీ కొనండి. 'నారాయణరావు' తప్పకుండా ఉండాలి. బీరువా ఖర్చు నాది.