పాత జీపు వెనుక ప్రొపెల్లర్ షాఫ్ట్ అదురు: కారణం తేలింది, పని సగం మిగిలింది

నా పాత జీపులో గంటకు 55 కిలోమీటర్ల వేగం దాటగానే మొదలై, 60 దగ్గరకు వచ్చేసరికి సీటు కింద గట్టిగా తెలిసే ఈ అదురుకు మూడు లక్షణాలున్నాయి. స్టీరింగ్‌లో అది దాదాపు తెలియదు, యాక్సిలరేటర్ తొక్కినప్పుడు పెరుగుతుంది, కాలు తీయగానే తగ్గుతుంది. చక్రాలకు బ్యాలెన్సింగ్ చేయించినా మార్పు రాలేదు. ఇంజన్ శక్తిని వెనుక చక్రాలకు చేరవేసే గొట్టమే ప్రొపెల్లర్ షాఫ్ట్; దాని రెండు కొసల్లో వంపులోనూ తిరగనిచ్చే కీళ్లైన యూజే క్రాసులు మార్చేయమని చాలామంది సలహా ఇచ్చారు గానీ, సామాను కొనే ముందు ఆ వేగంలో అదురుతున్నది ఏ భాగమో లెక్క తేల్చుకోవడం మంచిదనిపించింది.

టైరు మీద సుద్దతో గీత పెట్టి బండిని ఒక చుట్టు దొర్లిస్తే 2.2 మీటర్లు వచ్చింది. జీపీఎస్ ప్రకారం 60 కిలోమీటర్ల వేగంలో చక్రం సెకనుకు సుమారు 7.6 చుట్లు తిరుగుతుంది. వెనుక ఇరుసులో షాఫ్ట్ తిప్పే చిన్న పళ్లచక్రం పినియన్, అది తిప్పే పెద్ద చక్రం క్రౌన్; వాటి నిష్పత్తి 4.88 కాబట్టి షాఫ్ట్ సెకనుకు 37 చుట్లు తిరుగుతుంది. టైరు దోషమైతే 7.6 హెర్ట్జ్ (సెకనుకు 7.6 సార్లు) దగ్గర, షాఫ్ట్ బ్యాలెన్స్ తప్పితే 37 దగ్గర, క్రాసుల కోణాల తేడా అయితే 74 దగ్గర అదురు కనిపించాలి. ఎందుకంటే వంపులో పనిచేసే క్రాసు ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పెంచి, రెండుసార్లు తగ్గిస్తుంది. జర్మనీలోని ఆఖెన్ విశ్వవిద్యాలయం ఉచితంగా ఇస్తున్న, అదురును కొలవగల ఫైఫాక్స్ యాప్‌ను ఫోన్‌లో తెరిచి, ఫోన్‌ను సీటు పట్టాకు బిగించి, శామీర్‌పేట దాటాక రాజీవ్ రహదారి మీద నడిపితే గ్రాఫులో అదురు శిఖరం 74 దగ్గరే నిలబడింది.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది. నాలుగో గేరులో ఇంజనూ షాఫ్టూ ఒకే వేగంతో తిరుగుతాయి, నాలుగు సిలిండర్ల ఇంజన్ చుట్టుకు రెండుసార్లు పేలుతుంది, కనుక ఇంజన్ అదురు కూడా సరిగ్గా 74 దగ్గరే పడుతుంది. అదే వేగంలో మూడో గేరుకు మార్చి చూస్తే, ఇంజన్‌ది 110 వైపు జరిగి వేరుపడింది, 74 దగ్గరిది కదలలేదు. ఆ తరువాత వెనుక షాఫ్ట్‌ను పూర్తిగా విప్పి, ఫోర్ వీల్ వేసి, ముందు చక్రాల లాగుడుతోనే నెమ్మదిగా 60 వరకు తీసుకెళ్లినప్పుడు అదురు మాయమైంది.

విప్పిన షాఫ్ట్‌ను బల్లమీద పరీక్షించాను. క్రాసులు బిగుసుకోకుండా తిరుగుతున్నాయి, కప్పుల అంచుల్లో ఎర్రటి తుప్పు పొడి లేదు, షాఫ్ట్ పొడవు సర్దుకునే స్లిప్ జాయింట్ పళ్లు సరైన చోటే కూర్చున్నాయి, రెండు కొసల్లో క్రాసులను పట్టుకునే యోకులూ ఒకే వరుసలో ఉన్నాయి. ఇక మిగిలినవి కోణాలే.

కోణాలు కొలిచేటప్పుడు బండి బరువు కమాన్ల (ఇరుసు మీద బండిని మోసే స్ప్రింగు పట్టీల కట్టల) మీదే ఉండాలి; ఛాసిస్‌ను జాకీ మీద లేపి, వెనుక ఇరుసు హౌసింగ్‌ను వేలాడదీసి కొలిస్తే ఆ అంకెలకు విలువ ఉండదు. షాఫ్ట్‌ను తిరిగి ఎక్కించి, అయస్కాంతం ఉన్న డిజిటల్ కోణమాపకంతో చూస్తే శక్తిని ముందు, వెనుక షాఫ్ట్‌లకు పంచే ట్రాన్స్‌ఫర్ కేస్ ఇరుసు వెనక్కి 4.0 డిగ్రీలు, షాఫ్ట్ 11.5, పినియన్ ఇరుసు 7.5 డిగ్రీలు వాలి ఉన్నాయి. అంటే ముందు క్రాసు 7.5 డిగ్రీల వంపులో, వెనుక క్రాసు 4.0 డిగ్రీల వంపులో పనిచేస్తున్నాయి. ముందు క్రాసు పుట్టించే హెచ్చుతగ్గులను వెనుక క్రాసు చెరపాలంటే రెండు వంపులూ సమానంగా, ఒకదానికొకటి ఒక డిగ్రీలోపు తేడాతో ఉండాలి. ఇక్కడ తేడా 3.5.

కారణం కమాను కట్ట కింద దొరికింది. పాత యజమాని బండి ఎత్తు పెంచినప్పుడు, పినియన్ ముక్కు షాఫ్ట్ వైపు చూసేలా 4 డిగ్రీల ఇనుప చీలికలు వేయించారు. ముందు కొసన జంట క్రాసు ఉన్న షాఫ్ట్‌కైతే ఆ అమరిక సరిపోతుంది గానీ, కొసకొక క్రాసు మాత్రమే ఉన్న మామూలు షాఫ్ట్‌కు అది పనికిరాదు. పైగా యాక్సిలరేటర్ తొక్కినప్పుడు కమాన్లు మెలితిరిగి ముక్కు మరికాస్త పైకి లేస్తుంది, తేడా ఇంకా పెరుగుతుంది. కాలు తీయగానే అదురు తగ్గడానికి అర్థం అదే.

చీలికలు తీసేసి, ఇరుసును కమానుకు బిగించే యూ బోల్టులు కొత్తవి వేశాను. ఒకసారి సాగిన పాత బోల్టులను మళ్లీ బిగించడం నాకు సమ్మతం కాదు. చీలిక మందం పోయినందున కమాను పట్టీలను కలిపి ఉంచే సెంటర్ బోల్టు పొడవు సరిచూడాలి, బ్రేకు గొట్టం ఎక్కడా లాగబడకుండా చూడాలి, వంద కిలోమీటర్లు నడిచాక యూ బోల్టులను మళ్లీ బిగించాలి. ఇప్పుడు పినియన్ 3.5 డిగ్రీలు, షాఫ్ట్ 11.8, వంపులు ముందు 7.8, వెనుక 8.3. నిలకడలో వెనుకది అర డిగ్రీ ఎక్కువగా ఉండడం మేలే, లాగుడులో ముక్కు లేచినప్పుడు అది ముందుదానికి దగ్గరవుతుంది.

60 దగ్గర అదురు ఇప్పుడు ఫోన్‌కు తప్ప ఒంటికి తెలియడం లేదు. 80 దాటాక మాత్రం సన్నని రొద మిగిలింది. కొసల హెచ్చుతగ్గులు ఒకదాన్నొకటి చెరుపుకున్నా, ఇంత వంపులో మధ్యనున్న గొట్టం ప్రతి చుట్టులోనూ సుమారు ఒక శాతం అటూఇటూ వేగం మారుస్తూనే ఉంటుంది. దానికి మందు కమాన్ల ఎత్తు తగ్గించడమే కాబట్టి, ఎత్తు కోసం కమానులో అదనంగా వేసిన పట్టీని తీసి మళ్లీ మూడు కోణాలూ కొలవడం తరువాతి పని.