454 బిగ్ బ్లాక్ ఉన్న పాత ట్రక్కుకి సైలెన్సర్ ఎంచుకోవడం: నా అనుభవం

నా దగ్గరున్నది 1972 షెవర్లే సీ-10. ఇంజిన్ మాత్రం ఫ్యాక్టరీది కాదు. నాకన్నా ముందు దాన్ని నడిపినాయన అందులో 454 బిగ్ బ్లాక్ దించాడు, అంటే 454 ఘనపు అంగుళాల, 7.4 లీటర్ల పెద్ద వీ8. హెడర్లు (సిలిండర్ల నుంచి పొగని బయటికి తెచ్చే గొట్టాలు), పెద్ద కార్బ్యురేటర్, కాస్త దూకుడైన క్యామ్ (వాల్వులని తెరిచే కడ్డీ) అన్నీ కలిపి 400 హార్స్‌పవర్ దరిదాపుల్లో ఉంటుంది. ఈ బండంటే నాకు ప్రాణం. కానీ కింద ఉన్నవి గ్లాస్‌ప్యాక్‌లనే రెండు పొట్టి సైలెన్సర్లు, వాటి తర్వాత బండి వెనక చక్రాల దాకా కూడా రాకుండా ఆగిపోయిన గొట్టాలు. గంటసేపు నడిపి దిగితే చెవుల్లో హోరు రాత్రికి కూడా తగ్గేది కాదు. పక్కనున్నవాళ్లతో మాట్లాడాలంటే అరవాలి, తెల్లవారుజామున స్టార్ట్ చేయాలంటే చుట్టుపక్కల అందరినీ లేపేస్తున్నానని టెన్షన్. నాకు కావాల్సింది ఏంటంటే, బలం తగ్గకూడదు, వీ8 గొంతు వినపడాలి, లోపల మాత్రం మామూలుగా మాట్లాడుకోగలగాలి.

అడిగినవాళ్లందరూ తలా ఒక కంపెనీ పేరు చెప్పారు. వీడియోలు చూసి ఎంచుకుందామంటే అది ఇంకా దండగ. పెద్ద శబ్దం రాగానే ఫోన్ మైకు తనంతట తానే సౌండు తగ్గించేసుకుంటుంది, అడుగున ఉండే బరువైన మోత దానికి సరిగ్గా అందదు, పైగా ఆ వీడియోలు దాదాపు అన్నీ బండి వెనక నిలబడి తీసినవే. నేను కూర్చునేది లోపల కదా. బయట వింటే కమ్మగా ఉన్న బండి లోపల కూర్చుంటే తలనొప్పి తెప్పించవచ్చు. అందుకని పేర్లు పక్కన పెట్టి, అసలు సైలెన్సర్ లోపల ఏం జరుగుతుందో తెలుసుకుని కొలతలు చూసి కొనాలని నిర్ణయించుకున్నాను.

దానికన్నా ముందు లీకులు. హెడర్ గాస్కెట్ దగ్గర సన్న సందు ఉన్నా టిక్ టిక్‌మని కొడుతుంది, ఆ శబ్దం సైలెన్సర్ దాకా రాకుండానే బయటపడిపోతుంది కాబట్టి వెనక ఎంత ఖరీదైనది తగిలించినా ఉపయోగం ఉండదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఆరుబయట స్టార్ట్ చేసి, ఒకరు తోలు గ్లౌజులు వేసుకుని మందపాటి గుడ్డతో వెనక గొట్టాన్ని కాసేపు అదిమి పెడితే, జాయింట్ల మీద చల్లిన సబ్బు నీళ్లు లీకున్న చోట బుడగలు కడతాయి. నా బండిలో కుడివైపు కలెక్టర్ (హెడర్ గొట్టాలన్నీ ఒకటిగా కలిసే చోటు) జాయింట్ దగ్గర మసి చార కూడా కనిపించింది. గాస్కెట్ మార్చి బోల్టులు బిగించగానే శబ్దంలో ఉన్న ఆ పగిలినట్టుండే జీర పోయింది. క్యాబ్‌లోకి కార్బన్ మోనాక్సైడ్ వచ్చేది కూడా ఈ లీకుల్లోంచే, కాబట్టి శబ్దం సంగతి ఎలా ఉన్నా ఈ పని చేసి తీరాలి.

తర్వాత కొలవడం. ఫోన్‌లో డెసిబెల్ యాప్ పెట్టుకుంటే చాలు, అంకె కచ్చితంగా ఉండకపోయినా ముందుకీ తర్వాతకీ తేడా తెలుస్తుంది. ఇక్కడ ఒక విషయం చాలామంది చూసుకోరు. ఆ యాప్‌లు మామూలుగా ‘ఏ’ వెయిటింగ్‌లో కొలుస్తాయి, అంటే మన చెవికి తక్కువగా వినపడే లోతు శబ్దాలని లెక్కలోంచి తగ్గించేస్తాయి. 125 హెర్ట్జ్ దగ్గర 16 డెసిబెల్స్, 63 హెర్ట్జ్ దగ్గర ఏకంగా 26. మనల్ని నలిపేసే హోరు ఉండేది దాదాపు ఆ చుట్టుపక్కలే. అందుకే లోతు శబ్దాలని అంతగా తగ్గించని ‘సీ’ వెయిటింగ్ కూడా ఉన్న యాప్ తీసుకుని రెండూ రాసుకున్నాను. 2200 ఆర్‌పీఎం దగ్గర, నా బండికి అది గంటకి దాదాపు 60 మైళ్ల వేగం, లోపల ‘ఏ’లో 92, ‘సీ’లో 108 చూపించింది. 10 డెసిబెల్స్ తగ్గితే చెవికి దాదాపు సగం అయినట్టు అనిపిస్తుంది, కాబట్టి నా లక్ష్యం 80 లోపు.

ఇక సైలెన్సర్లు. గ్లాస్‌ప్యాక్ అంటే చిల్లులున్న తిన్నని గొట్టం, దాని చుట్టూ గాజు ఊలు, పైన రేకు. పొగ అడ్డు లేకుండా సూటిగా పోతుంది, ఊలు సన్నని పై స్థాయి శబ్దాలని పీల్చుకుంటుంది, లోతు శబ్దాలని దాదాపు పట్టించుకోదు. కొన్నాళ్లకి ఊలు కాలిపోయి, కొట్టుకుపోయి, ఉత్త గొట్టం మిగులుతుంది. నావి విప్పి వెలుతురుకి పెట్టి చూస్తే ఒక దానిలో చిల్లుల వెనక ఊలు ఆనవాలే లేదు, రేకు కనిపిస్తోంది. ఛాంబర్ రకంలో ఊలు ఉండదు, లోపల అడ్డుగోడలు పెట్టి శబ్దపు అలలు ఒకదాన్నొకటి కొట్టుకునేలా చేస్తారు, ఆ గొంతు గట్టిగా, గరుకుగా ఉంటుంది. చాలామంది ఇష్టపడేది అదే. నాకూ బయట నుంచి వింటే ఇష్టమే, కానీ చిన్న డబ్బా ఛాంబర్ సైలెన్సర్ పెద్ద ఇంజిన్‌కి వేస్తే లోపల మోత మామూలుగా ఉండదు. మూడోది టర్బో రకం. 1960ల్లో షెవర్లే కోర్వైర్ టర్బో మోడల్‌కి వచ్చిన సైలెన్సర్‌ని హాట్‌రాడ్ వాళ్లు, అంటే పాత బండ్లని బలం పెంచి మార్చుకునేవాళ్లు, తమ బండ్లకి వేసుకోవడంతో ఆ పేరు స్థిరపడింది. ఇందులో పొగ ముందుకి వెళ్లి, వెనక్కి తిరిగి, మళ్లీ ముందుకి వెళ్తుంది. చిల్లుల గొట్టాలు, కొంత ఊలు, చివర్ల ఖాళీ గదులు అన్నీ ఒకే డబ్బాలో ఉంటాయి కాబట్టి పై స్థాయినీ కింది స్థాయినీ రెండిటినీ కొంత కొంత పట్టుకుంటుంది.

రకం కన్నా నాకు ముఖ్యమనిపించింది డబ్బా సైజు. దీని గురించి ఎవరూ మాట్లాడకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇంజిన్ 7.4 లీటర్లు. నా పాత గ్లాస్‌ప్యాక్ మూడున్నర అంగుళాల వ్యాసం, అడుగు పొడవు, అంటే పైరేకుతో కొలిచినా రెండు లీటర్లు కూడా లేదు. నేను చివరికి తీసుకున్నది 5 అంగుళాల మందం, 11 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవున్న కోడిగుడ్డు ఆకారపు డబ్బా. లెక్క వేస్తే దాదాపు 950 ఘనపు అంగుళాలు, పదిహేనున్నర లీటర్లు, అలాంటివి రెండు. పొగ దెబ్బ ఒక్కసారిగా వ్యాకోచించి నెమ్మదించడానికి చోటు కావాలి, ఆ చోటు లేకపోతే లోపల ఎన్ని గోడలు పెట్టినా లోతు శబ్దం లొంగదు. ట్రక్కు కింద చోటు పుష్కలంగా ఉంటుంది. కార్ల వాళ్లకి లేని అదృష్టం అది, దాన్ని వాడుకోకుండా పొట్టివి వేసుకోవడం అన్యాయం.

బలం సంగతి. నిశ్శబ్దంగా ఉంటే ఇంజిన్ ఊపిరాడదని అంటారు, అది పూర్తిగా నిజం కాదు. హాట్‌రాడ్ వాళ్లు వాడే మోటు లెక్క ప్రకారం ఒక్కో హార్స్‌పవర్‌కి నిమిషానికి 2.2 ఘనపుటడుగుల ప్రవాహం దాటితే సైలెన్సర్ వల్ల పోయే బలం లెక్కలోకి రాదు. 400కి 880, అంటే ఒక్కో వైపు 440. కంపెనీవాళ్లు ఇచ్చే ప్రవాహం అంకె దానికి పైన ఉందో లేదో చూశాను, ఇన్‌లెట్ రెండున్నర అంగుళాలు ఉంటే సరిపోదు, లోపలి గొట్టాలు కూడా అదే సైజు ఉండాలి. బిగించాక కలెక్టర్ వెనక చిన్న నట్టు వెల్డ్ చేయించి, దానికి ప్రెజర్ గేజ్ పెట్టి ఫుల్ యాక్సిలరేటర్‌లో చూస్తే బ్యాక్ ప్రెజర్, అంటే బయటికి పోలేక పొగ వెనక్కి నెట్టే ఒత్తిడి, 2 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి 2 పౌండ్లు) లోపే ఉంది. ఆ అంకె చూశాక బలం గురించి మళ్లీ ఆలోచించలేదు.

ఇంకో రెండు పనులు అదే ఊపులో చేయించాను. మొదటిది రెండు గొట్టాలనీ కలిపే అడ్డగొట్టం. షెవీ వీ8 ఫైరింగ్ ఆర్డర్ 1-8-4-3-6-5-7-2. ఎడమ వైపు సిలిండర్లు 1, 3, 5, 7. వాటి పేలుళ్లు సమంగా రావు, క్రాంక్ తిరుగుడులో 270, 180, 90, 180 డిగ్రీల ఎడంతో వస్తాయి, 5, 7 అయితే వెంటవెంటనే. మనకి నచ్చే ఆ గడగడ అక్కడిదే, కానీ రెండు వైపులూ విడివిడిగా ఉంటే ఆ ఎగుడుదిగుడు అంతా లోతు హోరుగా మారుతుంది. కలిపితే సర్దుకుంటుంది. రెండు గొట్టాలూ X ఆకారంలో కలిసే ఎక్స్ పైపు వేస్తే గొంతు సన్నబడి రేసు కారులా అవుతుంది, H లా మధ్యలో ఒక అడ్డగొట్టం ఉండే హెచ్ పైపు వేస్తే గడగడ అలాగే ఉండి మోత మాత్రం తగ్గుతుంది. పాత ట్రక్కుకి హెచ్ పైపే అందం, నా మాటగా రాసుకోండి. రెండోది గొట్టాలని యాక్సిల్ పైనుంచి తీసుకెళ్లి వెనక చక్రాలు దాటాక బయటికి వదలడం. క్యాబ్ కిందో బెడ్ కిందో ఆగిపోయిన గొట్టం నేల మీదకి కొట్టి, ఆ మోత నేరుగా ఫ్లోర్ రేకులోకి ఎక్కుతుంది. వేలాడదీసే క్లాంపులు కూడా ఛాసిస్‌కి నేరుగా వెల్డ్ చేసి ఉన్నాయి, అవన్నీ కోసేయించి రబ్బరు హ్యాంగర్లు పెట్టించాను. వెల్డింగ్ చేసిన పెద్దాయన చాలా ఓపికమంతుడు, గొట్టాన్ని ఇంకో అంగుళం జరపండి, ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి తగులుతుందేమో అని నేను అడిగిన ప్రతిసారీ బండిని దించి, సస్పెన్షన్ మీద బరువు పెట్టి చూపించాడు.

స్టార్ట్ చేస్తే బయట తేడా అప్పటికప్పుడే తెలిసింది. ఐడిల్‌లో మెత్తగా గడగడమంటోంది. లోపల 2200 దగ్గర ‘ఏ’ 79కి దిగింది. సంతోషమే, కానీ ‘సీ’ ఇంకా 97. వినడానికి నిశ్శబ్దంగానే ఉంది, అయినా 2100 నుంచి 2300 మధ్య గుంయ్‌మని ఒక హోరు, చెవికన్నా ఛాతీలో ఎక్కువ తెలుస్తుంది. అటు తగ్గించినా ఇటు పెంచినా మాయం. డ్రోన్ అనేది ఇదే. నాలుగు స్ట్రోకుల వీ8లో ఒక తిరుగుడుకి నాలుగు పేలుళ్లు, 2200ని 60తో భాగించి 4తో గుణిస్తే దాదాపు 147 హెర్ట్జ్. ఈ ట్రక్కు క్యాబ్ రేకు డబ్బా లాంటిది, ఆ స్థాయి దగ్గర రూఫ్, వెనక గోడ, లోపలి గాలి అన్నీ కలిసి మోగుతాయి.

ఇలా ఒకే చోట మోగే హోరుకి సైలెన్సర్ మార్చడం మందు కాదు. పక్కకి ఒక మూతి మూసిన గొట్టం కలిపితే చాలు. అల అందులోకి వెళ్లి, మూత దగ్గర కొట్టుకుని తిరిగొచ్చి, వచ్చే అలకి ఎదురుపడి దాన్ని చంపేస్తుంది. గొట్టం పొడవు ఆ శబ్దపు అలలో పావు వంతు ఉండాలి. వేడి పొగలో శబ్ద వేగం ఎక్కువ, 300 డిగ్రీల సెల్సియస్ దగ్గర సెకనుకి 480 మీటర్లు, దాని ప్రకారం 82 సెంటీమీటర్లు వస్తుంది. కానీ ఆ పక్కగొట్టంలో పొగ ప్రవహించదు, అక్కడ వేడి తక్కువ, 200 డిగ్రీలు అనుకుంటే 74 సెంటీమీటర్లే. ఏది నిజమో కాగితం మీద తేలదు. అందుకే గొట్టంలో గొట్టం జారేలా చేయించి, చివర మూత వేసి, క్లాంపు పెట్టి రోడ్డు మీద నడుపుతూ, ఆగి కొద్దికొద్దిగా జరుపుతూ చూశాం. 77 దగ్గర హోరు ఉన్నట్టుండి ఆగిపోయింది. రెండు వైపులా అదే కొలతకి కోసి వెల్డ్ చేయించాం. ‘సీ’ 88కి వచ్చింది, ‘ఏ’ 77. పక్కగొట్టం వల్ల ప్రవాహానికి అడ్డేమీ ఉండదు కాబట్టి బలం చుక్క కూడా పోదు.

ఆ తర్వాత ఫ్లోరుకీ వెనక గోడకీ రేకు అదురుని తగ్గించే బ్యూటైల్ రబ్బరు షీట్లు అంటించాను. ఈ మోడల్‌కి పెట్రోలు ట్యాంకు సీటు వెనకే ఉంటుంది, దాన్ని తీస్తే తప్ప గోడ అందదు, కాబట్టి ఓపిక ఉన్నప్పుడే పెట్టుకోండి, తీసే ముందు ట్యాంకు ఖాళీ చేసి బ్యాటరీ వైరు విప్పండి. దీనితో వచ్చే లాభం కొంచెమే, ముందే ఇది చేసి సైలెన్సర్ మర్చిపోయినవాళ్లు డబ్బు దండగ అనుకోవడంలో తప్పులేదు.

మెటీరియల్ విషయంలో దగ్గర దగ్గర తిరిగేవాళ్లు మాత్రం స్టెయిన్‌లెస్ చూసుకోండి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కకుండా ఆపేస్తూ ఉంటే పొగలోని నీటి ఆవిరి సైలెన్సర్ అడుగున నీళ్లై నిలిచి లోపల్నుంచి తుప్పు పట్టిస్తుంది, పెద్ద డబ్బాలకి ఈ బెడద ఎక్కువ. కొన్నింటికి అడుగున చిన్న చిల్లు ఉంటుంది, అది లీకు కాదు, నీళ్లు కారడానికే, మూసేయకండి. కొత్త గాస్కెట్లు కొన్నిసార్లు వేడెక్కి చల్లబడ్డాక కుదించుకుంటాయి, కలెక్టర్ బోల్టులు మళ్లీ బిగించాలి, నావి దాదాపు పావు చుట్టు తిరిగాయి.

ఇప్పుడు 60 మైళ్ల వేగంలో వినిపిస్తున్నది డ్రైవర్ వైపు తలుపు మీది నుంచి వచ్చే గాలి ఈల. డోర్ రబ్బర్లకి ఆర్డర్ పెట్టాను.